ఖాళీ చానల్లో మా ఆయన గొంతు

బతికున్న మొగుడి కోసం వీధంతా పోగేసి ఏడ్చిన ఆడదాన్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. మా ఆయన్ని చంపుకున్నది చాలక, అదే సాయంత్రం ఇంకొకావిడ మొగుణ్ణి కూడా చంపేశాను.

అప్పటికి చాలా ఇళ్లలోకి రంగుల టీవీలు వచ్చేశాయి. మల్కాపురంలో మా ఇంట్లో మాత్రం ఇంకా పాత నలుపు తెలుపు టీవీయే. చానల్ మార్చాలంటే గుండ్రటి మీట తిప్పాలి. దాని మీద అంకెలుండేవి. అప్పట్లో నాకు అంకెలైనా అక్షరాలైనా ఒకటే, చీమల బారు. చేతి అలవాటు కొద్దీ తిప్పేదాన్ని. మా ఆయన పోర్టులో బొగ్గు లారీ నడిపేవారు.

చలికాలం, దీపాలు పెట్టే వేళ. మంచూ బొగ్గుధూళీ కలిసి ఎదురింటి గోడ కూడా కనిపించడం లేదు. రిఫైనరీ గొట్టం మీది మంట ఒక్కటే పైన ఎర్రగా, మొండెం లేని తలలా ఊగుతోంది. వార్తల కోసం మీట తిప్పాను. చెయ్యి ఎక్కడో తప్పింది. బొమ్మ లేదు. తెర నిండా తెల్లటి చుక్కలు, రేకుల మీద వాన పడుతున్నట్టు హోరు. మళ్లీ తిప్పబోతుంటే ఆ హోరులోంచి మా ఆయన గొంతు వచ్చింది.

"ఏటీ అవుపడతం నేదు. అంతా నలుపే."

మీట అలాగే వదిలేశాను. గొంతు నూతి అడుగు నుంచి వచ్చినట్టుంది. కానీ ఆయనదే, దగ్గుతో సహా. బతికున్న మనిషి టీవీలోకి ఎలా వస్తాడు? మీరైతే ఏమనుకునేవారో గానీ, నేను పక్కింటి నూకాలమ్మత్త దగ్గరకి పరుగెత్తాను.

అత్త సోది పెట్టించడంలో ఆరితేరిన మనిషి. చచ్చినవాళ్లు సోదమ్మ నోట్లోంచి ఎలా పలుకుతారో ఆవిడకి బాగా తెలుసు. వచ్చి, తెరకేసి చాలాసేపు చూసి, "సోదమ్మ మీదికి రాకుండా ఈ పెట్టి మీదికి వచ్చినాడే నీ పెనిమిటి," అని తేల్చేసింది. చేటలో బియ్యం పోసి, పసుపు ముద్ద పెట్టి, టీవీ ముందు దీపం వెలిగించింది. గుమ్మం నిండా ఆడవాళ్లు చేరారు. తెర వెలుగులో అందరి మొహాలూ సున్నం పూసినట్టున్నాయి. ఏ టీవీకీ అంత పూజ జరిగి ఉండదు.

"అడుగే. అడిగితేనే పలుకుతారు," అంది అత్త.

"ఎక్కడున్నారండీ?" అన్నాను.

చాలాసేపు హోరు. తరవాత నెమ్మదిగా, "గొయ్యి దాటినాను. ఇంక ఎనక్కి రానేను."

దీపం రెపరెపలాడింది. నేను ఏడుపు ఎత్తుకున్నాను. తోడెవరైనా ఉన్నారేమో అడగమంది అత్త. వెక్కుతూనే అడిగాను.

"ఎనకాల అప్పన్న బావ ఉన్నాడు. బావా, నా లైటు సూసుకుంటా వచ్చీ."

అప్పన్నదీ బొగ్గు లారీయే. ఆయన భార్య రాములమ్మ అప్పటిదాకా నా తల ఒళ్లో పెట్టుకుని ఓదారుస్తోంది. ఆ తల దభీమని నేలకి తగిలింది.

"మీ ఆయన పోతే పోయినాడు. మా ఆయన్ని పిలుసుకుపోడమేటి? ఒక్కడూ ఎల్లనేడా?"

"పిలిస్తే మాత్రం మీ ఆయన ఎల్లిపోడమేనా?"

ఏడుపు ఆపకుండానే జుట్లు పట్టుకున్నాం. అప్పుడు గుమ్మంలోని ఆడవాళ్లు ఒక్కసారిగా రెండు పాయలుగా విడిపోయారు. వాకిట్లో ఇద్దరు నిలబడి ఉన్నారు. తల నుంచి కాళ్ల దాకా నలుపు. కళ్లు మాత్రం తెల్లగా.

చేటెడు బియ్యం, పసుపు ముద్దతో సహా, వాళ్ల మొహాన విసిరికొట్టి దణ్ణం పెట్టాను. "మీ దారిన మీరు ఎల్లిపోండి బాబూ. ఈ గుమ్మం తొక్కకండి."

ముందున్న నల్లటి ఆకారం నోట్లోంచి బియ్యపు గింజ ఊసింది. "ఉడకెట్టకుండానే పెడతన్నావేటే?"

స్నానం చేశాక ఆయన విడమరిచి చెప్పారు. ఎవరో ఇద్దరు ఇంజనీర్లు లారీల్లో వైర్‌లెస్ పెట్టెలు బిగించారట. టీవీ వాళ్లు మన ఊళ్లో వాడని చానళ్లు గాలిలో ఖాళీగా పడున్నాయి, వాటి మీద బండికీ బండికీ మాట కలిపితే ధూళిలో గుద్దుకోకుండా ఉంటాయని, పర్మిషన్ తెచ్చుకుని పరీక్షిస్తున్నారట. ఆ గొయ్యి మా వీధి మలుపులోదే. దాటాక వెనక్కి తిప్పే చోటు లేదు. వెనక వస్తున్న అప్పన్నకి దారి చెబుతూ ఇంటికే వస్తున్నారు. ఖాళీ చానల్ ఎవరు పెడతారని ఇంజనీర్ల ధైర్యం.

మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి డ్రైవర్ల పెళ్లాలంతా మా ఇంట్లోనే. రాములమ్మ అందరికంటే ముందు, టీవీకి చెవి ఆనించి. ఎవరి మొగుడు ఎవరితో ఏం మాట్లాడతాడోనని ఊపిరి కూడా మెల్లగా పీల్చేవాళ్లు. సంగతి లారీల దాకా పాకింది. అంతే, టీవీలో ఉత్త హోరే మిగిలింది. ఇంజనీర్లు వచ్చి పెట్టెలు విప్పారు, ఏరియళ్లు మార్చారు, మళ్లీ విప్పారు. కారణం తెలిసిన డ్రైవర్లలో ఒక్కడూ నోరు మెదపలేదు. చివరికి బొగ్గుధూళిలో మాట ప్రయాణం చెయ్యదని నిర్ణయించుకుని, పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయారు.

కాబట్టి మీ అందరి ముందూ ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట బొమ్మ లేని చానల్లోంచి ఎవరు పలికినా సరే, వీధి మలుపు దాకా వెళ్లి, మనిషి వస్తున్నాడో లేదో కళ్లారా చూసుకుని, ఆ తరవాతే ఏడుస్తాను.