మూడో వాయి

మా బాబాయి ఏ వస్తువునీ అది పుట్టిన పనికి వాడి ఎరగడు. జుట్టు ఆరబెట్టే యంత్రంతో బూట్లు ఆరబెట్టేవాడు. పాత ఫ్యాను మోటారుతో కత్తులకు సాన పట్టేవాడు. అందుకే రొట్టెలు కాల్చుకునే చిన్న ఓవెన్‌ని పిన్ని ముచ్చటపడి కొనుక్కున్నప్పుడే దాని జాతకం మాకు తెలిసిపోయింది.

నేను వెళ్లేసరికి అది వంటింటి గట్టు మీంచి బాబాయి బల్ల మీదికి కాపురం మార్చేసింది. తిప్పే మరలు ఊడదీసి, లోపలి వేడిని అంకెల్లో చూపే పెట్టె ఒకటి బిగించాడు. ట్రేలో బిస్కెట్లకు బదులు పచ్చటి సర్క్యూట్ బోర్డులు. వాటికి టంకం ముద్ద పూసి, ఆవగింజలంత భాగాలు పట్టకారుతో పేర్చి లోపల పెడితే, టంకం కరిగి అన్నీ ఒక్కసారే అతుక్కుంటాయట.

"ఏమిటిది బాబాయ్?"

"రెండో వాయి. మొదటిది మాడింది."

రెండోది పచ్చిగా దిగింది. మూడో వాయికి గాజు తలుపుకి ముక్కు ఆనించినంత పనిచేసి కూర్చున్నాడు. టంకం తళుక్కుమనగానే తలుపు తీసి అట్టముక్కతో విసిరాడు.

"చూడరా, దోరగా దిగింది!"

ఓవెన్ మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటించాడు: 'ఇక తిండికి పనికిరాదు.'

"అలాంటిదే ఇంకోటి మీ వీపుకి కూడా అంటించుకోండి," అంది పిన్ని.

"ఏమన్నావు? గట్టిగా చెప్పు. నాకు చెవుడు."

ఆ చెవుడు కొత్తగా వచ్చింది. వచ్చిందని వీధంతా తనే చాటాడు. బోర్డులు కూడా అందుకేనట: వీధి గంట నొక్కితే గదిగదికీ ఎర్రదీపం వెలుగుతుంది. అన్నిటికన్నా పెద్ద దీపం మాత్రం పిన్ని కుట్టుమిషన్ ఎదుట పెట్టాడు.

పిన్ని ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఆ మధ్య బేరాలు పలచబడ్డాయి. గంట కొట్టి కొట్టి వెనక్కిపోయినవాళ్లు ఆవిడకి పొగరెక్కిందన్నారు. నేరం మిషన్ చప్పుడు మీదికి నెట్టి, పిన్ని ఇక కుట్టు మానేస్తానంది.

దీపాలు బిగించిన రోజు వంటింట్లో నాలో నేనే గొణుక్కున్నాను. "బాబాయికి పిచ్చి ముదిరింది."

"ముదరలేదురా, పండింది," అని పెరట్లోంచి జవాబు.

వెళ్లి చూస్తే నాలుక కరుచుకుని ఉన్నాడు.

"ఏదో అన్నట్టున్నావు? గట్టిగా చెప్పు."

అంతలో గంట మోగింది. మిషన్ ఆపి సూదిలో దారం ఎక్కిస్తున్న పిన్ని తలెత్తలేదు. ఎదుటి దీపం కంటపడ్డాక లేచింది.

"మీ బాబాయికి వినపడదు కదా, నేనే తీయాలి," అంటూ తలుపు తీసింది. గుమ్మంలో జాకెట్టు గుడ్డలతో ఎదురింటావిడ. బాబాయి పెరట్లో మొక్కలకు నీళ్లు పోయడంలో మునిగిపోయాడు. చేతిలో ఉన్నది టీ కెటిల్.

బాబాయి పోయాక మొన్న వెళ్లాను. ఓవెన్ అక్కడే ఉంది, చీటీతో సహా. లోపల దారపు కండెలు. ఆటపట్టిద్దామని గట్టిగా అడిగాను.

"చెవిటాయన లేడు కదా పిన్నీ, దీపాలు పీకేయనా?"

"ఉండనీరా. ఆయనకి పిల్లి నడిచినా వినపడేది. నేను నమ్మినట్టు నటించాను గానీ."

ఓవెన్ తలుపు తీసి ఎర్రదారం కండె అందుకుంది.

"ఆయన చెవుడు నాకు బాగా పనికొచ్చింది," అంది.

దీపం వెలిగింది. పిన్ని నాకంటే ముందే గుమ్మం చేరింది.