తాడు చివరన మా అత్త

మొన్న మధ్యాహ్నం జాలరిపేటలో మా మేనత్త పోయింది. చేపల గంపలతో ఆడవాళ్లు సిటీ బస్సెక్కే హక్కు కోసం నిలబడిన మనిషి. ఏడుపులు ఆగకముందే తగవు మొదలైంది. "నన్ను గంపలోళ్లే మొయ్యాల" అని అత్త ఎప్పుడో చెప్పి పెట్టింది. ఆడవాళ్లు పాడె మొయ్యడమేమిటని పేట పెద్దలు ఒప్పుకోలేదు.

నాయకుడంటే ముందు నడిచేవాడని మీరూ నేనూ అనుకుంటాం. అప్పట్లో మాకు అండగా వచ్చిన లాయరుగారు అలాంటివారే. మునసబుగారి మనవడు. "నా వెనక రండమ్మా" అనేవారు. పాపం, మంచివారే. అత్త మాత్రం అలివి వల లాగే ఇంట్లో పుట్టింది. ఒడ్డు మీద నుంచి పదిమందీ తాడు పట్టి లాగే వల అది. నీళ్ల దగ్గరున్నవాళ్లు లాగుతూ వెనక్కి నడుస్తారు. తాడు చివరికి చేరాక దాన్ని వదిలి మళ్లీ నీళ్ల దగ్గరికి వస్తారు. ముందు చోటు ఎవరి సొత్తూ కాదు.

కంపు కొడుతున్నారని మమ్మల్ని బస్సుల్లోంచి దించేసే రోజుల్లో అత్త ఆ పద్ధతే పెట్టింది. రోజుకొకరు బస్సు ముందు నిలబడాలి. తను అందరికంటే వెనక. ఒకరోజు పోలీసాయన వచ్చి "మీ లీడరెవరు?" అని గద్దించాడు.

అత్త అడ్డచుట్ట నోట్లోంచి తీసింది. "ఏ రోజు లీడరు కావాల బాబూ? ఇయాల ఈ గుంట. రేపు ఇంకో గుంట."

ఆ రోజు వంతు పడ్డ పిల్ల, ఆ గుంట, నేనే. అత్త చెవిలో చెప్పాను.

"నాను మాటాడలేనత్తా."

"తాడట్టుకో, సాలు. లాగడం అదే వొత్తాది."

చివరికి బస్సుల్లో వెనక తలుపు దగ్గర గంపలకు చోటిచ్చారు. లాయరుగారికి దండ వేశాం. అత్త కోసం చూస్తే లేదు, చేపలమ్మడానికి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. అడిగితే, "సేపలు పాడైపోవేటే?" అంది.

మొన్న పెద్దల ముందు గంపలవాళ్లందరూ నావైపు చూశారు. "బతుకంతా గంపలు మోసేం. అత్తని మొయ్యలేమా?" అన్నాను. పెద్దాయన పాడెకు దారిచ్చి పక్కకు జరిగాడు.

పాడె లేచింది. కొంచెం దూరానికోసారి ముందువాళ్లు వెనక్కి వెళ్లారు, వెనకవాళ్లు వచ్చి భుజం పట్టారు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. నా వంతు వచ్చినప్పుడు ముందు పట్టాను. ఒడ్డు మలుపులో అలవాటుకొద్దీ వెనక్కి తిరిగాను.

"ముందుకు సూడే" అంది పక్కనామె, ఏడుస్తూనే.

కానీ చూసేశాను. వెనకంతా గంపలవాళ్లే. వాళ్లందరి వెనక, అత్త నిలబడే చోట, ఉత్త ఇసక.