సాక్ష్యం ఫోల్డరు

మొన్న నా ఫోను తనంతట తానే ఓ మాట చెప్పింది. జాగా నిండిపోయిందట, పాత మెయిళ్ళు కొన్ని తీసెయ్యమంది. నేను వెంటనే నమ్మలేదు. ఫోను అమ్మినవాడికి ఇంకో ఫోను అమ్మాలనుండదూ? పక్కనే పేపరు చదువుకుంటున్న మా ఆయనకి చూపించి "ఇది నిజమేనంటారా?" అన్నాను. ఆయన కళ్ళజోడు పైనించి నన్నొకసారి చూసి, "నీకు నిండడం కొత్తా ఏటి?" అని మళ్ళీ పేపర్లో తల దూర్చేశారు. ఆ ఒక్క ముక్కకి నా మొహం మాడిపోయింది. ఆయన ఆలోచన ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. పన్నెండేళ్ళ కిందట ఆటోనగర్‌లో ఉన్న మా రేకుల షెడ్డుకి పోయింది.

ముందే చెప్పేస్తాను, నాకు అనుమానం ఎక్కువ. పుట్టుకతోనే ఉందో, పెళ్ళయ్యాక వచ్చిందో చెప్పలేను. మా నాన్నది గోదావరి జిల్లా. పోర్టులో ఉద్యోగం వచ్చి మమ్మల్ని విశాఖపట్నం తెచ్చారు. మా అత్తవారిది పద్మనాభం, వరి పండించుకునే కుటుంబం. పెళ్ళయిన కొత్తలో వాళ్ళందరూ ఒకచోట చేరి గబగబా మాట్లాడుకుంటుంటే నాకు సగం అర్థమయ్యేది కాదు. అర్థం కాని ఆ సగమూ నా గురించేనని నేను తీర్మానించేసుకునేదాన్ని. కొన్నాళ్ళకి భాష వచ్చింది. వాళ్ళు మాట్లాడుకునేది బస్సు టైముల గురించీ, పూర్ణా మార్కెట్‌లో బెల్లం ధర గురించీ అని తెలిసింది. అయినా అలవాటు పోలేదు. కూరల్లో ఉప్పు చూసినట్టు, ఎవరేం చెప్పినా ఒకసారి నాలిక మీద వేసుకుని చూడందే మింగేదాన్ని కాదు.

మా ఆయన షెడ్డులో ఇనుప ప్లేట్లు కోసి, వెల్డింగు చేసి కంపెనీలకి ఇచ్చేవారు. ఓ మూల ప్లైవుడ్ అడ్డం పెట్టి చేసిన గదే ఆఫీసు. అందులో ఓ కంప్యూటరు, ఓ ఫ్యాను, ఓ దేవుడి పటం. గ్రైండింగు పొడి ఎగిరి వచ్చి కీబోర్డు మీద పడుతుందని దానికి ప్లాస్టిక్ కవరు తొడిగేదాన్ని. ఆ కవరు మీద టైపు కొడితే ఒక అక్షరానికి రెండు పడేవి, అది వేరే బాధ. పొద్దున్నపూట ఆఫీసు చూసేది మా ఆడపడుచు. వాళ్ళాయన ఓడల మీద పనిచేసేవాడు, ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళ మీదే. అందుకని ఆమె పద్మనాభంలో పుట్టింట్లోనే ఉంటూ, రెండు బస్సులు మారి తొమ్మిదింటికల్లా వచ్చేసేది. మధ్యాహ్నం కేరేజీలు పట్టుకుని నేను వెళ్ళేదాన్ని. ఇద్దరం కలిసి తినేవాళ్ళం. ఆమె తెచ్చే చేపల పులుసు కోసం నేను ఇంట్లో సగం కడుపే నింపుకుని వెళ్ళేదాన్ననేది కూడా చెప్పాలి, లేకపోతే పాపం.

మా షెడ్డులో ఓ పద్ధతి ఉండేది. ఏ ప్లేటు కోసినా దాంట్లోంచి జానెడు ముక్క పక్కన పెట్టి, దాని మీద సుద్దతో పని నంబరు రాసేవారు. రేపు కంపెనీవాడు వచ్చి "మీరు నాసిరకం ఇనుము వాడారు" అంటే ఆ ముక్క తీసి మొహాన పెట్టడానికి. గోడ వెంబడి అలాంటి ముక్కలు గుట్టలుగా ఉండేవి, ఒక్కటీ పారేసేవారు కాదు. ఈ పద్ధతి నాకు ఎంత నచ్చిందంటే, నేను దాన్ని కంప్యూటర్లోకి కూడా తీసుకెళ్ళాను. మెయిళ్ళు దించే ప్రోగ్రాంలో తంటాలుపడి ఓ ఏర్పాటు చేశాను. వచ్చిన ప్రతి మెయిలూ, వెళ్ళిన ప్రతి మెయిలూ, దాంతో వచ్చే డ్రాయింగులతో సహా, ఇంకో కాపీ అయి లోపలెక్కడో ఉన్న ఒక ఫోల్డర్లో పడుతుంది. దానికి 'సాక్ష్యం' అని పేరు పెట్టాను. కంపెనీలవాళ్ళు మాట మారిస్తే పనికొస్తుందని మా ఆయనకి చెప్పాను. ఆడపడుచుకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, అందులో సగం ఆమె కోసమే.

అంత ఎందుకూ అంటారా? ఆమె మరిది మా షెడ్డు వెనక వీధిలోనే అలాంటిదే ఓ షెడ్డు పెట్టాడు. ఆమె మా దగ్గర కూర్చుని మా రేట్లన్నీ చూస్తుంది, ఇంటి మనిషే కదా, అటు కూడా ఇంటి మనిషే కదా. నాకు నిద్ర పడుతుందా? పైగా ఓసారి మాకు రావలసిన పని ఒకటి వాడికి పోయింది. మా ఆయన "ఆడు తక్కువకి రాసినాడు, ఆడికి పోనాది" అనేసి టీ తాగారు. నేను మాత్రం తాగలేకపోయాను.

ఆ వారమే మెయిళ్ళు ఆగిపోయాయి. ప్రోగ్రాం తెరిస్తే బాగానే తెరుచుకునేది. అరవై మూడు మెయిళ్ళు ఉన్నాయని చూపించేది. ఒకటి, రెండు, మూడు అని దించుకుంటూ పోయి, నలభై ఒకటో దాని దగ్గర తెరంతా తెల్లబడి, ప్రోగ్రాం తనంతట తనే మూసుకుపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ నలభై ఒకటి. కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాం, గోడ స్విచ్చి ఆపి మళ్ళీ వేశాం, వైరస్ ఉందేమోనని గంటసేపు వెతికించాం. వెల్డరు నిమ్మకాయ కట్టమన్నాడు, అదీ కట్టాం. నిమ్మకాయ వాడిపోయింది గానీ ప్రోగ్రాం బాగుపడలేదు. రేవు దగ్గర ఓడలు మరమ్మతు చేసే కంపెనీవాళ్ళకి ఓ పంపు కింద వేసే ప్లేటు కోసి ఇవ్వాలి. "కొలతలు మారాయి, కొత్త డ్రాయింగు మెయిల్ చేశాం, పాతది చూసి కొయ్యకండి" అని వాళ్ళు ఫోను చేసి పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఓడ శనివారం కదులుతుంది. గురువారం సాయంత్రానికి ప్లేటు కొయ్యకపోతే పని పోతుంది, పాత కొలతలతో కోస్తే ప్లేటూ పోతుంది, ఆ కంపెనీ గుమ్మం మళ్ళీ తొక్కలేం.

గురువారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆమె కుర్చీలోంచి లేచి, "మళ్ళీ పడిపోనాది వదినా" అంది. కంప్యూటరుకి ఓ పెన్ డ్రైవ్ గుచ్చి ఉంది. నాది కాదు, మా ఆయనది కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏం పెట్టావు దీంట్లో? నిజం చెప్పు. మన మెయిళ్ళు ఎవరికి పట్టుకెళ్తున్నావు?" అని గట్టిగా అడిగేశాను. ఎంత గట్టిగానంటే, బయట గ్రైండింగు ఆపేసి అందరూ ఇటే చూశారు.

"నానేటి సేసినాను వదినా? నానేటీ సెయ్యనేదు," అంది ఆమె. నేను వినలేదు. అందరూ చూస్తుండగానే ఆ పెన్ డ్రైవ్ తెరిచాను. పద్నాలుగు ఫోటోలు. ఓడ మీద నిలబడి నవ్వుతున్న వాళ్ళాయన. ఫోన్లో చిన్నగా కనిపిస్తున్నాడని, ఈ పెద్ద తెర మీద చూసుకుందామని తెచ్చుకుందట. అప్పుడైనా నోరు మూసుకున్నానా? "ఈ ఫోటోల వెనకాల ఏం దాచావో" అన్నాను. ఫోటోల వెనకాల ఏం దాస్తారో నాకు ఇప్పటికీ తెలీదు. మా ఆయన గుమ్మంలోకి వచ్చి "ఇంక సాల్లే" అన్నారు. ఆమె సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. "చూశారా, తప్పు చేసిన మనిషి కాబట్టే వెళ్ళిపోయింది" అన్నాను నేను. ఆ మాట అన్నది నేనేనని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

రెండింటికి గాజువాక నుంచి కంప్యూటర్లు బాగుచేసే ఆయన వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. పాడుచేసిందెవరో కనిపెట్టమని నేను ఆయన్ని ఓ పోలీసుని పురమాయించినట్టు పురమాయించాను. ఆయన నలభై ఒకటో మెయిల్లోనే ఏదో తేడా ఉందనుకుని, ఇంటర్నెట్‌లోంచి తిన్నగా మెయిల్‌పెట్టె తెరిచి, అలా తెరవొచ్చని మాకెవరికీ తెలీదు, దాన్ని తీసేశాడు. మళ్ళీ దించితే ఇప్పుడు దాని తర్వాతి దాని దగ్గర పడిపోయింది. ఆయన గడ్డం గోక్కుని, మెయిళ్ళు దాచే ఫైలు ఎక్కడుందో వెతికి దాని సైజు చూశాడు. "అమ్మా, ఇందులో ఎవరూ ఏమీ పెట్టలేదు. ఈ ప్రోగ్రాం మెయిళ్ళన్నీ ఒకే ఫైల్లో దాస్తుంది. దానికో హద్దుంది. మీది నిండిపోయింది. కొత్త మెయిలు పెట్టడానికి చోటు లేక కూలిపోతోంది," అన్నాడు.

"అంతలా ఎలా నిండింది?" అన్నారు మా ఆయన.

సరిగ్గా అప్పుడే ఆమె తిరిగొచ్చింది. చెమటలు కారుతున్నాయి, చేతిలో చుట్ట చుట్టిన కాగితం. ఇంటికి పోలేదు. బస్సెక్కి రేవు దాకా వెళ్ళి, ఆ కంపెనీ గేటు దగ్గర గంటసేపు నిలబడి, కొత్త డ్రాయింగు కాగితం మీద ప్రింటు తీయించుకుని వచ్చింది. "అన్నయ్యా, పాతదాన్లో నాలుగు బెజ్జాలు, దీన్లో ఆరు. కొయ్యమను," అని మా ఆయన చేతిలో పెట్టింది. నేను ఏదో అనబోయేలోపే ఆ కంప్యూటరాయన తెర మీద వేలు పెట్టి అడిగాడు: "ఇదిగో, ఈ సాక్ష్యం ఫోల్డరు. సగం పైగా ఇదే తినేసింది. ఎవరిదమ్మా ఇది?"

ఆమె వంగి చూసింది. తను టైపు చేసిన మెయిళ్ళు, ఒకదాని కింద ఒకటి. మౌసు తీసుకుని అడుగుదాకా వెళ్ళింది. అన్నిటికంటే కింద ఉన్నది ఆమె పనిలో చేరిన రోజుది.

"మొదటి రోజు నుంచేనా వదినా?" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ప్లేటు సాయంత్రానికి కోశారు. కంప్యూటరాయన కొత్త ఫైలు చేసిచ్చాడు, సాక్ష్యం ఫోల్డరు చెరిపెయ్యమంటారా అని అడిగితే నేను తలూపాను. మెయిళ్ళన్నీ చకచకా దిగాయి. ఓడ శనివారం వెళ్ళిపోయింది. ఆమె మాత్రం శుక్రవారం రాలేదు, శనివారమూ రాలేదు.

ఆదివారం నేనే బస్సెక్కి పద్మనాభం వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను, తీరా వెళ్ళాక "తప్పయిపోయింది, మళ్ళీ రా" అన్న రెండు ముక్కలు తప్ప ఏమీ రాలేదు. ఏడ్చేశాను కూడా. ఆమె నాకు అట్టు వేసి పెట్టి, ఎదురుగా కూర్చుంది. "నీ మీద నాకు కోపం నేదు వదినా. కానీ నాను మళ్ళీ ఆ కుర్సీలో కూసుంటే నువ్వు సూస్తావు. నువ్వు సూసినప్పుడల్లా నానేటి సేసేసినానో అని నన్ను నానే ఎతుక్కుంటాను. అలగ నాను బతకనేను," అంది. ఇంకో అట్టు వెయ్యనా అని అడిగింది. ఆ అట్టు ఎలా తిన్నానో ఆ దేవుడికే తెలియాలి.

తర్వాత ఆమె వేరేచోట ఆఫీసు పనికి కుదిరింది, వాళ్ళ కూతుర్ని చదివించుకుంది. ఇప్పటికీ మా ఇంటికి వస్తుంది, చేపల పులుసు తెస్తుంది, నా మోకాళ్ళకి మందు చెబుతుంది. వచ్చిన ప్రతిసారీ ఆమె నవ్వుతుంటే మొహంలోకి చూస్తాను, ఆ నవ్వు లోపల ఇంకా ఏమైనా ఉందేమోనని. మా ఆయన అంటారు, అది ఎప్పుడో మర్చిపోయిందే అని. అయ్యుండొచ్చు. పన్నెండేళ్ళంటే తక్కువేం కాదు, మర్చిపోవడానికి ఆమెకి ఆ కాలం సరిపోయింది. మర్చిపోయిందని నమ్మడానికి నాకే ఇంకా సరిపోవడం లేదు.