తెల్ల పిడి వేయించిన కత్తి

దయ్యం అన్న మాట ఎవరైనా ఎత్తితే నవ్వి లేచిపోయేదాన్ని నేను. మా ఇంటి ఆడవాళ్లది మంత్రసాని పని. ఎప్పుడు నొప్పులు వస్తే అప్పుడు పోవాలి. బొందలగడ్డ పక్కనుంచి ఒంటరిగా ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఎవరూ నా కొంగు లాగలేదు. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్లు నోరు రాలేదు. నాకు వేలిముద్ర తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది. సొంతంగా ఒక్క మాట కూడా కలపొద్దని దానిచేత ఒట్టు వేయించుకున్నాను.

మాది రాయచూరు జిల్లా సిరవారకు రెండు కోసుల దూరం. మా ఇంటాయన తిప్పయ్య ఊరికి మంగలి. కాలువ నీళ్లు వచ్చి జొన్నచేలు వరిమళ్లు అవుతున్న రోజులవి. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు పొలాలు కొని, క్యాంపులని కొత్త ఊళ్లు కట్టుకుని ఉండేవాళ్లు.

ఆయన కత్తి వాళ్ల తాతది. నిజాం కాలంలో హైదరాబాదు నుంచి తెచ్చిందట. నల్ల బర్రెకొమ్ము పిడి. మూడు తరాల బొటనవేలు ఒకే చోట ఆనీ ఆనీ అక్కడ చింతగింజ పట్టేంత గుంట పడింది. పిడి చీలితే ఈయన రాగితీగ చుట్టాడు. రోజూ పొద్దున్నే అద్దం లేకుండా తన గడ్డం తానే గీసుకునేవాడు. "మంగలోడు మాసిన గడ్డంతోని తిరిగితే వంటోడు ఆకలితోని సచ్చినట్టే" అనేవాడు.

నాట్ల కాలంలో ఆయనకు జ్వరం వచ్చింది. సూది వేయించినా తగ్గలేదు. ఆరో రోజు నా చెయ్యి పట్టుకున్నాడు.

"గడ్డం తీయించవే. నేను గిట్ల పోను."

మా మరిది హన్మంతు పనికని బాళగనూరు వైపు క్యాంపులకు పోయి ఉన్నాడు. కబురు పంపాను. వానకు దారంతా బురద, బస్సు నిలిచిపోయింది. కత్తి నా చేతికి కొత్త కాదు. ఎన్ని బొడ్లు కోసిన చెయ్యి! కానీ మాలో ఆడది మగవాడి మొహం మీద కత్తి పెట్టదు. ఊరు ఏమంటుందోనని నా చెయ్యి లేవలేదు.

"ఊకో, హన్మంతు వస్తున్నడు" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. మళ్లీ అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం పోయాడు. ఏడు రోజుల గడ్డంతోనే మట్టి చేశారు. హన్మంతు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆయన అడిగిన సంగతి హన్మంతుకు గానీ, మరెవరికి గానీ నేను చెప్పలేదు.

రెండు నెలలు గడిచాక హన్మంతు సిరవారలో కుర్చీ వేసి దుకాణం పెడతానన్నాడు. నా తిండీ బట్టా తనదేనన్నాడు. ఆ కత్తి ఉక్కులాంటిది వాడి దగ్గర లేదు.

"వదినె, గీ రాగితీగ సుట్టిన పిడి సూస్తే క్యాంపోళ్లు మెడ సాపుతరా? లేసి ఉరుకుతరు. జర కొత్తగ చేయిద్దాం."

నాకు నవ్వు రాలేదు. ఎప్పుడు చూసినా ఆ గుంట నన్నే చూస్తున్నట్టుండేది. దాన్ని కంటి ముందు నుంచి తీసేస్తే చాలనిపించింది. ఇద్దరం బస్సెక్కి రాయచూరు పోయాం.

అక్కడ సాన పట్టే ఖాసిం సాబు అని ముసలాయన ఉండేవాడు. కత్తిని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"రెండు తీర్ల చెయ్యొచ్చు బేటీ. గిదే కొమ్ము, గిదే తీరు నిలబెడితే నీ మొగుని కత్తి అయితది. తెల్ల పిడి ఏసి, మొన గుండ్రంగ తీస్తే దుకాణం కత్తి అయితది. ఒక్కటే కత్తి రెండూ కాదు. ఏం చెయ్యమంటవ్?"

హన్మంతు నా వైపు చూశాడు. నేను నేల చూస్తూ "తెల్లదే ఏయి" అన్నాను.

సాబు మేకులు ఊడగొట్టి, పాత పిడిని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. "ఇది మాత్రం పారెయ్యకు" అన్నాడు. ఇంటికొచ్చి దాన్ని రేకు పెట్టెలో ఆయన పంచెల కింద పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది.

నాలుగో రోజు మళ్లీ పోయాం. కత్తిని గుర్తుపట్టలేదు నేను. తెల్ల పిడి, అద్దంలాంటి అలుగు. సాబు తన ముంజేతి వెంట్రుకలు నాలుగు తీసి చూపించి, అలుగు తుడిచి, నూనె రాసి, మడిచాడు. నూనె కాగితంలో చుట్టి దారం కట్టాడు. ఇదంతా మా ఇద్దరి కళ్ల ముందే. నేను దాన్ని రొంటిన దోపుకున్నాను. బస్సులో దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఎవరూ ముట్టలేదు, నేనూ విప్పలేదు.

ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా నడి వాకిట్లోనే ఉంది. పక్కింటి ఈరమ్మ "ఏంది, పెండ్లికొడుకును తెచ్చినట్టు తెచ్చినవ్, సూపియ్యే" అంటూ వచ్చింది. దారం ముడి సాబు వేసినట్టే ఉంది. కాగితం పొడిగా ఉంది. విప్పి, కత్తి తెరిచాను.

అలుగు నిండా సబ్బు నురుగు.

ఎండిపోయింది కాదు. బుడగలు ఇంకా చిట్లుతున్నాయి. నురుగులో గడ్డం వెంట్రుకలు. నల్లవి, మధ్యలో తెల్లవి, పెదవి కింద బీడీ పొగకు రంగు మారినవి కొన్ని. ఈరమ్మ కెవ్వుమని గడప దాటిపోయింది.

హన్మంతు వేలి కొనతో నురుగు తీసుకుని చూశాడు. ఒక వెంట్రుకను గోటి మీద పెట్టి పొడవు చూశాడు.

"గిది వారం గడ్డం వదినె" అన్నాడు.

ఏడు రోజుల గడ్డం ఎంత ఉంటుందో మంగలి ఇంట్లో ఎవరూ కొలిచి చెప్పనక్కర్లేదు.

అప్పుడు నాకు పెట్టె గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. తాళం తీశాను. పైన పంచెలు మడత చెదరలేదు, తడి లేదు. అడుగున గుడ్డ విప్పితే పాత పిడి చీలికలో, రాగితీగ సందుల్లో అదే తెల్ల నురుగు. వేలు ఆనే గుంటలో చింతగింజంత నీళ్లు. వేలు పెడితే గోరువెచ్చగా ఉన్నాయి.

మా ఇంట్లో సబ్బు బిళ్ల లేదు. ఆయన పోయిన వారానికే పొదిలో మిగిలిన సబ్బు, పటిక హన్మంతు పట్టుకెళ్లాడు.

హన్మంతు కాళ్ల దగ్గర కూర్చుని అప్పుడు చెప్పాను. ఆయన అడిగాడని, నేను ఊకొమ్మన్నానని. వాడు వేలికున్న నురుగు నేలకు రాశాడు. "నువ్వు గీసినా అన్న తప్పు పట్టకపోతుండె వదినె" అని మాత్రం అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తెల్లారి ఆ కత్తికి నేను చెయ్యి తగలనిస్తేనా! హన్మంతే కాగితంలో పెట్టుకుని వచ్చాడు, ఇద్దరం రాయచూరు పోయాం. పాత పిడే బిగించమన్నాను. ఖాసిం సాబు ఎందుకని అడగలేదు. తెల్ల పిడి ఊడదీసి, చీలిక అతికించి, రాగితీగ తీసి ఇత్తడి మేకులు వేశాడు. గుంటను మాత్రం ముట్టుకోలేదు. హన్మంతు దుకాణానికి వేరే కత్తి కొనుక్కున్నాడు. ఇది నా దగ్గరే ఉండిపోయింది.

మరుసటేడు కోతలప్పుడు క్యాంపు నుంచి సుబ్బయ్యగారు అనే రైతు మా వాకిట్లోకి వచ్చాడు.

"హనుమంతు లేడా అమ్మా? మా నాన్నగారు ఇవాళో రేపో అన్నట్టున్నారు. గడ్డం, గడ్డం అంటున్నారు."

"సిరవార పోయిండయ్యా. సాయంత్రం గాని రాడు."

"అప్పటిదాకా ఆగేలా లేరమ్మా."

లోపలికి పోయి పెట్టె తీశాను. కత్తి, గిన్నె కొంగులో పెట్టుకుని బయటికొచ్చాను.

ఆయన తెల్లబోయాడు. "నువ్వు చేస్తావా? ఆడమనిషివి..."

"నడువుండ్రి అయ్యా. ఆలిశ్యం చెయ్యొద్దు."

వాళ్ల ఆడవాళ్లు గుమ్మం దగ్గర గుసగుసలాడారు. ముసలాయన కళ్లు మూసుకుని గడ్డం పైకెత్తాడు. నా బొటనవేలు ఆ గుంటలో పడింది. చిన్న గాటు కూడా పడలేదు. అయ్యాక ఆయన చెంప మీద అరచెయ్యి రాసుకుని, "హమ్మయ్య, ఇప్పుడు మనిషినయ్యానే తల్లీ" అన్నాడు. పొద్దు గూకకముందే పోయాడు.

ఊళ్లో నెల రోజులు నన్ను ఆడిపోసుకున్నారు. తర్వాత వాళ్ల ఇళ్లలోనే అవసరం పడినప్పుడు హన్మంతు లేకపోతే నన్నే పిలిచారు.

ఆ నురుగు ఎవరు పెట్టారో, ఆ గడ్డం ఎవరు గీశారో నాకు తెలియదు. బస్సులో నా నడుము మీదే ఉన్న కత్తి, తాళంలో ఉన్న పిడి ఎక్కడ కలుసుకున్నాయో నేను చెప్పలేను. తెలిసినవాళ్లు చెప్పినా నమ్ముతానో లేదో. ఇప్పటికీ పెట్టె తెరిచినప్పుడల్లా ముందు ఆ గుంటలో వేలు పెట్టి చూస్తాను. ఆ రోజు తర్వాత ఎప్పుడూ తడి తగల్లేదు. అయినా చూడకుండా ఉండలేను.