కుదిపి కొలిచిన చెయ్యి

ఏం పని చేస్తారండీ అని ఎవరైనా అడిగితే సత్యప్రసాద్ "గింజలు చితక్కొడతానండి" అనేవాడు. అడిగినవాళ్ళు నవ్వేవారు. అతను నవ్వేవాడు కాదు. రాజమండ్రి శివార్లలో ఒక చిన్న ప్రైవేటు కంపెనీ లాబ్‌లో పంతొమ్మిదేళ్ళుగా అతను చేస్తున్నది అచ్చంగా అదే మరి.

ఆ గింజల సంగతి కాస్త చెప్పాలి. గ్యాసు కోసం నేలలో రెండు మైళ్ళ లోతున రాతిని నీటి ఒత్తిడితో పగలగొడతారు. ఒత్తిడి తగ్గగానే ఆ పగులు మళ్ళీ మూసుకుపోతుంది. అలా మూసుకుపోకుండా ఉప్మారవ్వంత గట్టి గింజల్ని నీటితో పాటు లోపలికి పంపి, సందులో ఇరికిస్తారు. వాటిని ప్రాపెంట్ అంటారు. పైనున్న భూమి బరువంతా మోయాల్సింది ఆ రవ్వగింజలే. అవి చితికితే ఆ పొడి దారికి అడ్డం పడి గ్యాసు రాదు. అందుకని ముందే ఒక ఉక్కు గిన్నెలో గింజలు పోసి, ప్రెస్సు కింద పెట్టి టన్నుల బరువుతో నొక్కి, జల్లించి, ఎంత పొడైందో తూచాలి. నూటికి పది పాళ్ళు దాటితే ఆ సరుకు పనికిరాదు.

మూడేళ్ళుగా ఆ కంపెనీ రైస్ మిల్లుల నుంచి ఊక బూడిద తెచ్చి, బంకమట్టితో కలిపి గింజలు కాలుస్తోంది. ఇది ఉమాశ్రీ అనే ఇంజనీరు ఆలోచన. మొదట్లో పొడి ఇరవై రెండు పాళ్ళు వచ్చింది. మట్టి మార్చారు, బట్టీ వేడి పెంచారు, పదిహేడుకి దిగింది. తర్వాత పన్నెండు. పోయిన ఏడాది తొమ్మిది. ఆ రోజు ఉమాశ్రీ తాపేశ్వరం కాజాలు తెప్పించి అందరికీ పంచింది. బట్టీ చూసే చిట్టియ్య రెండు తిని, రెండు ఇంటికి కట్టించుకున్నాడు.

ఈ లోగా సత్యప్రసాద్‌కి కుడి భుజం పట్టేసింది. పంతొమ్మిదేళ్ళు జల్లెడ ఆడించిన భుజం పట్టేయక ఏం చేస్తుంది? రిటైర్మెంట్‌కి ఇంకా నాలుగు నెలలుంది. డాక్టరు పది రోజులు చెయ్యి కదపొద్దన్నాడు. ధవళేశ్వరంలో ఇంట్లో కూర్చుని కాలవ వంక చూస్తూ పది రోజులూ గడిపాడు. ఒంటికి విశ్రాంతి దొరికిందే కానీ అలసట మాత్రం తీరలేదు.

తిరిగి వెళ్ళేసరికి లాబ్ అంతా చప్పగా ఉంది. ఆ పది రోజులూ పరీక్ష ఉమాశ్రీయే చేసిందట. కొత్త బ్యాచ్‌లో పొడి పద్నాలుగు పాళ్ళు వచ్చింది. మూడుసార్లు చేసినా అంతే. బట్టీ చల్లారిపోయి ఉంటుందని తేల్చి, చిట్టియ్యని ఇంటి దగ్గర ఉండమన్నారు.

"మీరొకసారి చూడండి, ప్రసాద్ గారూ," అంది ఉమాశ్రీ.

చూశాడు. తొమ్మిది పాయింట్ రెండు వచ్చింది.

ఆమె మొహం ఇంకా వాడిపోయింది. "ఒకే సంచిలో రెండు రకాల గింజలన్నమాట. బట్టీ ఒక పక్క కాలి, ఒక పక్క కాలలేదు. చిట్టియ్య నిద్రపోయే ఉంటాడు," అని, అదే సంచిలోంచి మళ్ళీ తీసి తనే మొదలుపెట్టింది.

సత్యప్రసాద్ పక్కన నిలబడ్డాడు. ఆమె గిన్నెలో గింజలు పోసింది. పైన చదును చేసింది. మూత పెట్టబోయింది. అప్పుడు సత్యప్రసాద్ చెయ్యి తనంతట తనే ముందుకు కదిలింది, గిన్నెని రెండుసార్లు బల్లకి తట్టడానికి. ఆ చేతిని అతను మధ్యలోనే వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

వాళ్ళ నాన్నకి మండపేటలో బియ్యం కొట్టు ఉండేది. కాటా కాదు, కుంచం. కుంచంలో పోసి, నేలకి రెండుసార్లు తట్టి, సర్దుకున్నాక పైన ఇంకాస్త పోసి, అప్పుడు చేత్తో తల కొట్టి, చదును చేసి ఇవ్వాలి. కుదపకుండా ఇచ్చేవాడిని ఆ బజార్లో దొంగ కింద జమకట్టేవారు. పదేళ్ళ వయసులో సత్యప్రసాద్ ఒకసారి మర్చిపోతే, కొనడానికి వచ్చిన వాళ్ళందరి ముందూ నాన్న చెవి మెలేశాడు. ఆ చెయ్యి ఇంక ఎప్పుడూ మర్చిపోలేదు. బియ్యం పోయి గింజలొచ్చాయి, కుంచం పోయి ఉక్కు గిన్నె వచ్చింది, చెయ్యి మాత్రం అదే చెయ్యి. కానీ కుదిపితే గింజలు సర్దుకుని కూర్చుంటాయి, బరువుని తలా కాస్త పంచుకుంటాయి, తక్కువ చితుకుతాయి. రెండు మైళ్ళ కింద పగుల్లోకి దిగి వాటిని కుదిపేవాడెవడు?

మధ్యాహ్నం ఉమాశ్రీ మీటింగుకి వెళ్ళింది. సత్యప్రసాద్ తలుపు దగ్గరికి వేసి, గిన్నె తట్టకుండా ఒకసారి పరీక్ష చేశాడు. పద్నాలుగు పాయింట్ ఒకటి.

నాలుగు నెలలు. నోరు మూసుకుంటే శాలువా కప్పి, ప్రసాద్ గారి చెయ్యంటే చెయ్యే అని పంపిస్తారు. సంచి మంచిది కాదంటారు, చిట్టియ్య మంచివాడు కాదంటారు, అంతటితో అయిపోతుంది. ఈ వయసులో ఇంకా ఎందుకీ గొడవ అని అతనికి నిజంగానే అనిపించింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ ఏడవడానికీ ఓపిక లేకపోయింది. టీ తెప్పించుకున్నాడు. తాగలేదు.

ఉమాశ్రీ రాగానే చెప్పేశాడు. "బట్టీ తప్పు కాదమ్మా. నా చెయ్యి తప్పు." గిన్నె తీసి, తట్టి చూపించాడు.

ఆమె ఆ గిన్నెని చేతిలోకి తీసుకుంది. కోప్పడితే బాగుండుననుకున్నాడు. "అన్నీ ఇలాగే చేశారాండీ?"

"అన్నీనమ్మా."

"అయితే తొమ్మిది ఎప్పుడూ రాలేదన్నమాట." గోడకి అంటించిన కాగితం దగ్గరికి వెళ్ళి, మూడేళ్ళ అంకెల మీద వేలు పెట్టి పై నుంచి కింది దాకా చూసింది. గింజ మెరుగుపడింది నిజమే. చాలినంత మెరుగుపడలేదు, అంతే. "ప్రతి బ్యాచ్‌కీ దాచిన సంచులున్నాయి కదండీ. అన్నీ మళ్ళీ చెయ్యాలి. మీరే చెయ్యండి," అంది. చిట్టియ్యని రమ్మని అప్పటికప్పుడే ఫోన్ చేయబోయింది.

"వద్దమ్మా, నేనే వెళ్తాను," అన్నాడు సత్యప్రసాద్.

చిట్టియ్య ఇల్లు కడియం రోడ్డులో ఒక నర్సరీ వెనక. మొక్కల కవర్లలో మట్టి నింపుతున్నాడు. ఇతన్ని చూసి చేతులు తుడుచుకుని కుర్చీ వేశాడు. సత్యప్రసాద్ కూర్చోకుండానే అంతా చెప్పాడు, కుంచం సంగతితో సహా.

చిట్టియ్య అంతా విని అడిగాడు.

"బట్టీ బాగానే కాలిందాండీ?"

"బాగానే కాలింది చిట్టియ్యా."

"నాకైతే నిద్రపోయినట్టు గుర్తు లేదండి. కానీ మీ చేతి కింద ఏడాదిగా తొమ్మిదే కదండీ. ఇప్పుడు పద్నాలుగొచ్చిందంటే తెల్లారగట్ల నేనే కునుకు తీసుంటాననుకున్నాను. నిద్రపోయానని ఆఫీసులో కాగితం రాసి సంతకం పెట్టేశానండి. మా ఆవిడ నమ్మలేదు. ప్రసాద్ గారి లెక్క తప్పదే, నేనే పడుకుని ఉంటానని దాంతో దెబ్బలాడానండి."