బొటనవేలి సాక్ష్యం

పాటల దుకాణం ముసలాయన మనుషుల ముఖం చూసి పాట చెప్పడు. రికార్డు మీద ముల్లు ఆనించి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, వచ్చినవాళ్ల కాలి బొటనవేలు చూస్తూ కూర్చుంటాడు. ముఖానికి మొహమాటం ఉంటుంది, వేలికి ఆ గొడవ లేదంటాడు. పరుగున వచ్చినవాడికి పడవలా మెల్లగా సాగే వేణువు, దిగులుగా వచ్చినావిడకి నాట్లు వేసేవాళ్ల పాట వినిపిస్తాడు. వేలు కదిలిందా, ఆ రికార్డు వాళ్లదే. ఎన్ని దేశాలు తిరిగినా ఇలాంటి నాడి చూసే వైద్యుడు దొరకడు.

ఓ మబ్బు పట్టిన మధ్యాహ్నం వాళ్లక్క వచ్చి కూర్చుంది. ఒకప్పుడు కూనిరాగం లేనిదే గిన్నె కూడా తోమని మనిషి. బావ పోయినప్పటినుంచి ఆవిడ నోట పాట లేదు. తమ్ముడు వయొలిన్ వినిపించాడు, గజల్ వినిపించాడు, జాజ్ బాకాలు, డప్పుల మోత కూడా వినిపించాడు. వేలు రాయిలా ఉంది. "చాల్లేరా, దుకాణమంతా నా నెత్తిన కుమ్మరిస్తావా?" అంది. ఆయన చేతులెత్తేసి, రికార్డు తుడుస్తూ, అమ్మ పాడిన జోలపాట పరధ్యానంగా అందుకున్నాడు. ఆయన గొంతుకి పిల్లులు కూడా పారిపోతాయి.

"అయ్యో, చంపేశావు కదరా! అక్కడ పైకి కాదు, కిందికి దిగాలి," అంటూ అక్క పాడి చూపించింది.

బయట వాన మొదలైంది. ఆయన మళ్లీ తప్పాడు, ఆవిడ మళ్లీ దిద్దింది. ఆ తర్వాత ఆయన కావాలనే తప్పుతూ పోయాడు, చూపు మాత్రం నేలమీదే. చెప్పులోంచి బయటికొచ్చిన బొటనవేలు మెల్లగా తాళం వేస్తోంది.