పాత బియ్యం

మా వరసలో ఏడో గది వాళ్ళది, ఎనిమిదో గది నాది. మధ్యలో ఒక్క ఇటుక మందం గోడ. వాళ్ళింట్లో ఎవరైనా ఆవలిస్తే ఇక్కడ నాకు నిద్రొచ్చేది. ఆ ఇంటాయన భార్య నన్ను అక్కా అని పిలుస్తుంది కాబట్టి ఆమె నాకు చెల్లెలు, ఆయన మరిది వరస. వీధిలో అందరికీ మాత్రం పొట్లాలాయన.

ఆ పేరు ఊరికే రాలేదు. కిరాణా కొట్లో ముప్పై ఏళ్ళ పని ఆయనది. పాత పేపరు ముక్కలో అరకిలో పంచదార పోసి, నాలుగు మూలలూ లోపలికి మడిచి, పైన వేలాడే ఉండలోంచి దారం లాగి రెండు చుట్లు చుట్టి టక్కున తెంపేవాడు. ఆ పొట్లాన్ని మేడ మీంచి కింద పడేసినా ఒక్క పలుకు రాలదని పేరు. మా ఆయన బతికున్న రోజుల్లో పందెం వేసి నిజంగానే పడేశాడు. పలుకు రాలలేదు. కానీ పొట్లం వెళ్ళి పోస్టుమాన్ నెత్తిన పడింది. ఆ తర్వాత నెలరోజులు మాకు ఉత్తరాలు రాలేదు.

ప్లాస్టిక్ కవర్లు వచ్చాక పొట్లాల పని తగ్గింది. షావుకారు ఆయన్ని నమ్మి గల్లాపెట్టె దగ్గర, బాకీల పుస్తకం ముందు కూర్చోబెట్టాడు. అప్పటిదాకా ఆ పుస్తకం షావుకారు చేతిలోనే ఉండేది. బాకీ ఉన్నవాళ్ళు మెట్టెక్కితే చాలు, "రావమ్మా రా, పోయిన నెలది ఎప్పుడు తీరుస్తావు?" అని వీధి మలుపు దాకా వినపడేట్టు అరిచేవాడు. మరిదికి అది నచ్చలేదు. నలుగురిలో మనిషిని అలా నిలబెట్టడం ఏం బావుంటుందని ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. రెండు నెలల బాకీ దాటినవాళ్ళు వస్తే తాను లోపల తూకం దగ్గరికి "పాత బియ్యం!" అని కేకేస్తాడు. తూకం వేసేవాడు చీటీలో ఉన్న సరుకుల్లో సగమే తూచి, మిగతావాటికి "స్టాకు లేదండీ" అంటాడు. వచ్చినవాళ్ళ పరువూ పోదు, కొట్టు డబ్బూ పోదు.

పాత బియ్యమంటే మనకు మంచిమాటే కదా. అన్నం పొడిపొడిగా వస్తుంది, గుప్పెడు పోస్తే గిన్నెడు ఒదుగుతుంది. ఆ కేక విని మురిసిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళెవరో తర్వాత చెప్తాను.

ఇక ఆయన అప్పు సంగతి. దాని వెనక పెద్ద కష్టమేదో ఉందనుకునేరు. ఫ్రిజ్జు. అంతే.

ఆయన తోడల్లుడు ఒకడున్నాడు, వాచీల కంపెనీలో మేనేజరు. ఒకసారి ఎండలో వచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, "ఏం అన్నయ్యా, ఇంకా కుండలో నీళ్ళేనా?" అన్నాడు. అన్నది అంతే. మర్నాటికల్లా మరిది వాయిదాల మీద రెండు తలుపుల ఫ్రిజ్జు తెచ్చాడు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు. అది గది గుమ్మంలో పట్టలేదు. అడ్డంగా తిప్పారు, నిలువుగా తిప్పారు, తలుపు ఊడదీశారు. చివరికి వసారాలోనే పెట్టి, గొలుసు చుట్టి తాళం వేశారు. ఫ్రిజ్జుకి గొలుసేమిటి మరిదీ, కరుస్తుందా అని నేనడిగితే ఆయన నవ్వాడు. ఆ ఫ్రిజ్జులో ఏముండేదంటే నాలుగు నీళ్ళ సీసాలు, సగం కోసిన ఉల్లిపాయ.

రెండో ఏడాది వాయిదాలు తప్పాయి. వాటిని కట్టడానికి మోటార్ సైకిల్ మీద వచ్చే వడ్డీ మనిషి దగ్గర తీసుకున్నాడు. వారం వారం కట్టాలి. అలా జీతంలో సగం కొట్టు దాటి ఇంటికి రావడం మానేసింది. భార్యకి ఏం చెప్పాలి? "పెద్ద పెద్ద మాల్స్ వచ్చి బేరాలు పడిపోయాయి, షావుకారు జీతం తగ్గించాడు" అని చెప్పాడు.

చెల్లెలు నమ్మింది. నమ్మి ఆ సగం జీతంతోనే ఇల్లు నడిపింది. అరిగిన సబ్బు ముక్కని కొత్త సబ్బు వీపుకి అంటించేది. టూత్‌పేస్టు గొట్టాన్ని అప్పడాల కర్రతో తోమి, తర్వాత కత్తెరతో చీల్చి గీకేది. ఆయన చొక్కా కాలరు చిరిగితే ఊడదీసి తిప్పి కుట్టేది. ఆ చొక్కాలు ఇస్త్రీ చేసేదాన్ని నేనే కాబట్టి నాకు తెలుసు. మూడు చొక్కాలకి మూడు కాలర్లూ తిప్పినవే. పొద్దున్నే గోడవతల నుంచి మాకు సుప్రభాతం కూడా ఆమెదే.

"ముప్పై ఏళ్ళు చాకిరీ చేయించుకుని జీతం కోస్తాడా? ఆ మనిషికి తిన్నది అరగకుండా పోను!"

"ఊరుకోవే, గోడకి చెవులుంటాయి."

"వింటే విననీ! ఇవాళ్టి నుంచి ఆ కొట్టు సరుకు నా గడప తొక్కకూడదు. ఇంకెక్కడైనా తెండి."

ఆయనకి కావాల్సింది కూడా అదే. షావుకారు దగ్గర ఒక కట్టుబాటు ఉంది. బాకీ ఉన్న మనిషి గల్లాపెట్టె ముట్టుకోకూడదు. తన కొట్లో అప్పు పెడితే ఆ సీటు పోతుంది. సీటుతో పాటు ముప్పై ఏళ్ళ మంచిపేరూ పోతుంది. అందుకని రైలుకట్ట అవతల, తనెవరో తెలియని కొట్లో ఖాతా పెట్టాడు. ఇంట్లో మాత్రం రొక్కమిచ్చి తెస్తున్నానన్నాడు. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం కాలరు తిప్పి కుట్టినట్టు. మొదట్లో నెలనెలా కట్టాడు, తర్వాత సగం కట్టాడు, తర్వాత అదీ లేదు.

కట్టడం మానేసిన నాలుగో నెల పిండిలో పురుగులొచ్చాయి. "డబ్బులిచ్చి పురుగులు కొనుక్కుంటామా? పదండి, నేనూ వస్తాను" అని చెల్లెలు సంచి పట్టుకుని బయల్దేరింది. ఆయన కడుపునొప్పన్నాడు, బస్సు దొరకదన్నాడు. ఆమె వింటేనా!

అక్కడ జరిగింది ఆమె నాకు సగం చెప్పింది, ఆయన సగం చెప్పాడు. రెండూ కలిపి చెప్తున్నాను.

కొట్లో కౌంటరు మీద ఒకమ్మాయి నోట్లో పెన్ను పెట్టుకుని కూర్చుంది. ఆయన మొహం చూసింది, పుస్తకం తిరగేసింది, తల తిప్పకుండానే లోపలికి కేకేసింది.

"అన్నా, పాత బియ్యం!"

ఆ కేక ఆ కొట్లో వినడం ఆయనకి అదే మొదలట. తన నోట పుట్టిన మాట. ఎవరు మోసుకొచ్చారో తెలీదు. తూకం మనుషులు ఈ కొట్టు మానేసి ఆ కొట్టులో చేరుతుంటారు, వాళ్ళతో పాటే మాటా వచ్చేసి ఉంటుంది. తప్పిపోయిన పెంపుడు కుక్క పరాయి వీధిలో ఎదురొచ్చి పిక్క పట్టుకున్నట్టుంది పాపం ఆయన పని.

చెల్లెలి మొహం మాత్రం వెలిగిపోయింది.

"విన్నారా? మీ కొట్లో ముప్పై ఏళ్ళు చేశారు, ఒక్కనాడైనా పాత బియ్యం తెచ్చారా? ఇక్కడ మొహం చూసి ఇస్తున్నారు. అమ్మాయ్, పాతవైతే ఇంకో పది కిలోలు వెయ్యి!"

లోపల ఎవరో కిసుక్కుమన్నారు.

"స్టాకు లేదాంటీ" అంది ఆ అమ్మాయి.

"ఇప్పుడేగా కేకేశావు?"

"అది... బియ్యం కాదాంటీ."

"బియ్యం కాని పాత బియ్యమేంటే తల్లీ?"

"పద, పోదాం" అన్నాడు ఆయన.

"ఎందుకు పోవాలి? ఊరికే ఇమ్మన్నామా? రొక్కమిచ్చి కొంటున్నాం!"

ఆ అమ్మాయి చెడ్డదేం కాదు. ఆయన వంక ఒకసారి చూసింది, ఆయన తల వంచుకున్నాడు. ఇక ఏమీ అనకుండా పుస్తకాన్ని చెల్లెలి వైపు తిప్పింది. పేజీ మీద ఆయన పేరే రాసి ఉంది, దాని కింద నాలుగు నెలల అంకెలు. వెనక నలుగురు మనుషులు నిలబడి ఉన్నారు. చెల్లెలు ఆ అంకెల్ని వేలితో పైనుంచి కిందిదాకా చూసింది. ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుంది. కొట్టు మెట్లు దిగింది.

బస్సు కోసం బల్ల మీద కూర్చున్నప్పుడు ఆయన అంతా చెప్పేశాడు. ఫ్రిజ్జు వాయిదాలు, వడ్డీ మనిషి, పాత బియ్యమంటే ఏమిటో, ఆ మాట ఎవరిదో. రెండు బస్సులు వచ్చి పోయాయి. ఆమె ఎక్కలేదు.

"అయితే షావుకారు జీతం తగ్గించలేదా?"

"లేదు."

"రోజూ పొద్దున్నే ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిట్టానే!"

ఆమె చంకలోని సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ పాత బియ్యం మాట ఎంతమందిని అన్నారు?"

"లెక్కపెట్టలేదు."

"మా అక్కని?"

ఆయన బస్సు వచ్చే వైపు చూశాడట. ఆమెకి అర్థమైంది. "ముందు వెళ్ళి ఆమెకి చెప్పండి. అప్పటిదాకా నాతో మాట్లాడొద్దు" అంది.

సాయంత్రం నేను ఇస్త్రీ చేస్తుంటే వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"వదినా, రెండేళ్ళు నిన్ను పాత బియ్యం అన్నాను."

నాకు ఏమీ అర్థం కాలేదు. "అంటే అన్నావులే మరిదీ, నీ దయవల్ల మంచి బియ్యం తిన్నాం" అన్నాను. అప్పుడు విప్పి చెప్పాడు.

మా ఆయన మంచాన పడ్డ రెండేళ్ళూ నేను ఆ కొట్లో బాకీనే. ఆ కేక వినపడ్డప్పుడల్లా మెడ నిటారుగా పెట్టుకుని వచ్చేదాన్ని. కుళాయి దగ్గర ఎంతమందికి చెప్పానో! "మా మరిది ఉన్నాడు కాబట్టి నాకు పాత బియ్యమే ఇప్పిస్తాడు" అని. సగం సరుకులు దొరక్కపోతే, పాపం షావుకారుకి స్టాకు రావట్లేదని జాలి కూడా పడ్డాను. ఇప్పుడు అదంతా వరసగా గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. కమురు వాసన వస్తే చూశాను. పెట్టె కింద ఎవరిదో తెల్ల చొక్కా, జేబు మీద గోధుమ రంగు మచ్చ.

"నిన్ను అవమానించాలని కాదు వదినా. షావుకారు అరవకుండా ఉండాలని అలా..."

"తెలుసులే" అన్నాను. నిజంగా తెలుసు కూడా. అయినా ఆయన మొహం చూడలేకపోయాను.

"ఒక్కటే అడుగుతాను. ఎవరికీ చెప్పకు. షావుకారుకి తెలిస్తే నా సీటు పోతుంది."

"నా నోరు దాటి పోదు" అన్నాను. ఆయన నమ్మి వెళ్ళాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా నమ్మాడు. మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర రెండో గదావిడ బిందె పెట్టి, "మొన్న నాకూ పాత బియ్యమే ఇచ్చారక్కా! నీకొక్కదానికే అనుకున్నావా?" అంది. ఆమెకి తెలియజెప్పడం నా ధర్మం అనుకున్నాను. కాదు. ఆ మురిపెం చూసి ఓర్చుకోలేకపోయాను. నేను రెండేళ్ళు వెర్రిదాన్నయితే ఇది మాత్రం మెడ ఎత్తుకు తిరగాలా అనిపించింది. నోరు విప్పాను. విప్పాక ఆగుతుందా? ఫ్రిజ్జు, వాయిదాలు, రైలుకట్ట అవతలి ఖాతా, అన్నీ చెప్పేశాను. బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ కుళాయి కట్టలేదు.

మధ్యాహ్నానికి నలుగురు ఆడవాళ్ళు కలిసి కొట్టుకి వెళ్ళి, "పాత బియ్యం వచ్చామండీ, ఏం తూస్తారో తూయండి!" అని నవ్వుతూ నిలబడ్డారట. రైలుకట్ట అవతలి ఖాతా సంగతీ వాళ్ళ నోటే బయటపడింది. షావుకారు ముందు వాళ్ళని చూశాడు, తర్వాత గల్లాపెట్టె దగ్గర తేలు కుట్టిన దొంగలా కూర్చున్న ఆయన్ని చూశాడు.

షావుకారు ఆయన్ని పనిలోంచి తియ్యలేదు. రైలుకట్ట అవతలి బాకీ తనే కట్టాడు, నెలనెలా జీతంలో కోస్తున్నాడు. చెప్పిన అబద్ధం నిజమైపోయింది. గల్లా సీటులో షావుకారు అల్లుడు కూర్చున్నాడు. మరిది వెనక గదిలో మళ్ళీ పొట్లాలు కడుతున్నాడు. ఫ్రిజ్జుని సోడాల కొట్టతను సగం ధరకి పట్టుకుపోయాడు. అది వెళ్ళేటప్పుడు మాత్రం ఎక్కడా అడ్డం పడలేదు.

చెల్లెలు నన్ను ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది. చొక్కాలు ఇస్త్రీకి ఇస్తుంది, డబ్బులు అప్పటికప్పుడే ఇచ్చేస్తుంది. ఒక్కమాట అడగలేదు. కానీ గోడవతల ఇప్పుడు గుసగుసలే. ఆవలింత కూడా వినపడదు.

ఇక ఆ మాట అందరికీ తెలిసిపోయింది కాబట్టి కొట్లో దాన్ని వాడరు. కొత్త మాటేదో పెట్టుకున్నారు. అదేమిటో ఎవరికీ తెలీదు. అల్లుడు "సబ్బులు!" అని కేకేస్తే ముగ్గురు ఉలిక్కిపడతారు. "చింతపండు!" అంటే రెండో గదావిడ మొహం మాడ్చుకుంటుంది. నాకిప్పుడు బాకీ లేకపోయినా "అగ్గిపెట్టెలు!" అన్న కేకకి నా చెవులు వేడెక్కుతాయి.

మొన్న ఒకసారి కొట్టు వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఆయన దారం తెంపుతున్నాడు. ఎన్నాళ్ళగానో చెప్పాలనుకున్న మాట నోటిదాకా వచ్చింది గానీ, బయటికి వచ్చింది మాత్రం వేరేది.

"మరిదీ, కొత్త మాటేంటి?"

నేనెందుకు అడిగానో ఆయనకి తెలుసు. ఆ మాట తెలిస్తే నేనేం చేస్తానో కూడా తెలుసు. నా మీద కోపమేమీ లేనట్టే చూశాడు. అదే తట్టుకోలేకపోయాను.

"నన్నడక్కు వదినా" అన్నాడు. "జీతం ముందే వాడుకున్న బాకీదారుణ్ణి. నేను ముందుకి వచ్చినప్పుడల్లా అల్లుడుగారు ఏదో ఒకటి కేకేస్తూనే ఉంటారు. అందులో నా మాట ఏదో నాకూ తెలీదు."